అనిర్వచితం: సి భాషా ప్రమాణంలో ఒక మౌనం, దాని అర్థపరిణామం – ‘హద్దు తప్పిన చిరునామా’ ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

సి భాషా ప్రమాణం కొన్ని సందర్భాల్లో ప్రోగ్రాము ఏమి చేయాలో చెప్పకుండా విడిచిపెట్టింది. ఆ విడుపునకు ‘అన్‌డిఫైన్డ్ బిహేవియర్’ అని పేరు. మెమరీలో హద్దుకు సరిపడని చిరునామా నుంచి విలువను చదవడం అటువంటి సందర్భాల్లో ఒకటి. 1964 నుంచి నేటి వరకు యంత్రాలు ఈ తప్పును ఎలా చూశాయి, 1989 నాటి ప్రమాణం దాన్ని ఎందుకు నిర్వచించలేదు, ఆ మౌనాన్ని తర్వాతి కంపైలర్లు ఎలా చదివాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వ్యాకరణంలోని నిత్య, వైకల్పిక, బహుళ భావనలతో ఈ మౌనానికి గల పోలికను, భేదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: సి భాష, అనిర్వచిత ప్రవర్తన, ఎలైన్‌మెంట్, ఫర్మ్‌వేర్, బహుళం, పారిభాషిక పదకల్పన.

1. ఉపోద్ఘాతం:

ఎలక్ట్రానిక్స్ శాఖలో పనిచేసే సహోద్యోగి ఒకరు ప్రయోగశాల పుస్తకాన్ని తెలుగులోకి తెస్తూ ‘అన్‌డిఫైన్డ్ బిహేవియర్’కు మాట అడిగారు. అప్పటికి ఆయన ‘అనిశ్చిత ప్రవర్తన’ అని రాసుకున్నారు. ఆ మాట ఎందుకో కుదరలేదని ఆయనకే అనిపించింది. కారణం ఆయన విద్యార్థి చేసిన ఒక ప్రాజెక్టు. సెన్సరు నుంచి వచ్చే బైట్ల వరుసలో మధ్యనుంచి నాలుగు బైట్ల సంఖ్యను తీసే ప్రోగ్రాము అది. కార్టెక్స్-ఎం3 బోర్డు మీద నెలరోజులు చక్కగా నడిచింది. ఖర్చు తగ్గించడానికి కార్టెక్స్-ఎం0 బోర్డుకు మార్చగానే మొదటి ప్యాకెట్టుకే ఆగిపోయింది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. మరి తప్పు ఎప్పటిది? ఆగిపోయిన నాటిదా, నెలరోజులూ ఉన్నదా?

ఈ ప్రశ్న సాంకేతికమైనదే అయినా దీని మూలం ఒక శాస్త్రగ్రంథంలోని వాక్యరచనలో ఉంది. ఒక నియమం చెప్పడానికీ, వికల్పం ఇవ్వడానికీ, అసలు ఏమీ చెప్పకపోవడానికీ మధ్య గల భేదం వ్యాకరణ విద్యార్థులకు కొత్తది కాదు. ఆ పరిచయంతోనే ఈ పరిశీలనకు పూనుకున్నాను.

2. పత్రాలు, హద్దులు:

తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి ఒక అనుభవం ఉంటుంది. పత్రం చివర ఒక పదం సగంలో ఆగుతుంది, మిగిలిన సగం తర్వాతి పత్రం మొదట్లో ఉంటుంది. ఆ ఒక్క పదం కోసం రెండు పత్రాలు తీయాలి, రెండు ముక్కలు కలపాలి. కంప్యూటరు మెమరీలో జరిగేదీ ఇంచుమించు ఇదే. 32 బిట్ల యంత్రం మెమరీని సాధారణంగా నాలుగేసి బైట్ల వరుసలుగా అందుకుంటుంది. 1000 నుంచి 1003 వరకు ఒక వరుస, 1004 నుంచి 1007 వరకు మరొకటి. నాలుగు బైట్ల సంఖ్య 1000 దగ్గరో 1004 దగ్గరో మొదలైతే ఒక్కసారి చదివితే చాలు. 1002 దగ్గర మొదలైతే రెండు వరుసలూ చదివి, జరిపి, అతకాలి. పరిమాణంతో భాగించబడే చిరునామాను ఈ వ్యాసంలో ‘హద్దు చిరునామా’ అనీ, అలా భాగించబడనిదాన్ని ‘హద్దు తప్పిన చిరునామా’ అనీ వ్యవహరిస్తాను.

ఈ అతుకు పని ఎవరు చేయాలన్నదే చరిత్ర పొడవునా సాగిన తగవు. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 యంత్రశ్రేణి ఆ పనిని తనపై వేసుకోలేదు. హద్దు తప్పిన చిరునామాతో చదవబోతే ప్రోగ్రాముకు అంతరాయం కలిగించేది. 1970 నాటి సిస్టమ్/370 చాలా ఆదేశాల విషయంలో ఆ పట్టు సడలించింది. అదే 1970లో డిజిటల్ సంస్థ తెచ్చిన పీడీపీ-11లో రెండు బైట్ల పదాన్ని బేసి చిరునామా నుంచి చదవడం నిషిద్ధం. చదివితే ట్రాప్ వచ్చేది. ఆ సంస్థే 1977లో తెచ్చిన వ్యాక్స్ మాత్రం హద్దు తప్పినా సహించింది. ఇంటెల్ 8086 (1978) సహించింది, అయితే అదనపు కాలాన్ని వసూలు చేసింది. మోటరోలా 68000 (1979) సహించలేదు, 68020 (1984) సహించింది. ఒకే సంస్థ ఒక తరంలో నిషేధించినదాన్ని మరుతరంలో అనుమతించడం ఇక్కడ గమనించదగినది. హద్దు నియమం ప్రకృతిసిద్ధం కాదు. సిలికాన్ ధరను బట్టి, వేగం కోరికను బట్టి మారిన నిర్ణయం అది.

1980లలో వచ్చిన రిస్క్ నిర్మాణాలు మళ్లీ కఠినమయ్యాయి. మిప్స్ యంత్రం సాధారణ ఆదేశాలకు హద్దును తప్పనిసరి చేసి, హద్దు తప్పిన పదాన్ని ఎడమ ముక్క, కుడి ముక్కగా తీసుకోవడానికి వేరే ఆదేశాల జంటను ఇచ్చింది. ఆ జంటకు అమెరికాలో పేటెంటు కూడా ఉండేది. రెండు పత్రాల ముక్కలు కలిపే పద్ధతి మీద యాజమాన్య హక్కు అన్నమాట!

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది పాత ఆర్మ్ యంత్రాల పద్ధతి. ఆర్మ్ నిర్మాణపు ఆరవ సంచికకు ముందు, ఏఆర్‌ఎం7టీడీఎంఐ వంటి యంత్రాలు, హద్దు తప్పిన చిరునామా ఇస్తే దాన్ని కలిగిన వరుసనే చదివి, బైట్లను చక్రంలా తిప్పి ఇచ్చేవి. 1000 నుంచి వరుసగా 11, 22, 33, 44, 55 అన్న బైట్లు ఉన్నాయనుకుందాం. 1001 నుంచి నాలుగు బైట్లు అడిగితే, పెద్ద స్థానం నుంచి చెప్పినప్పుడు, 55 44 33 22 రావాలి. వచ్చేది 11 44 33 22. మూడు బైట్లు ఒప్పు, ఒకటి తప్పు. ఆగడం లేదు, హెచ్చరిక లేదు. పై బైటు సున్నాగా ఉండే చిన్న సంఖ్యలతో పరీక్షిస్తే, ముందున్న బైటు కూడా సున్నా అయిన పక్షంలో, జవాబు సరిగానే కనిపిస్తుంది. లేఖకుడు పొరబడి అదే పత్రం మొదటి అక్షరాన్ని చివర అతికిస్తే, అర్థం పొసగినంత కాలం పరిష్కర్త దాన్ని పాఠాంతరంగా భావించే ప్రమాదం వంటిదే ఇది.

3. పదాల యంత్రం నుంచి బైట్ల యంత్రానికి:

సి భాష పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. దాని పూర్వికులైన బీసీపీఎల్ (మార్టిన్ రిచర్డ్స్, 1967), బి (కెన్ థాంప్సన్) భాషల్లో విలువలకు రకాలు లేవు. ఉన్నది ఒకే ప్రమాణం, యంత్రపదం. పీడీపీ-7 యంత్రంలో ప్రతి చిరునామా 18 బిట్ల పదాన్నే సూచించేది కనుక హద్దు తప్పడం అన్న ప్రసక్తే లేదు. పీడీపీ-11లో చిరునామాలు బైట్లను సూచించాయి. పదసంఖ్యగా ఉన్న పాయింటరును బైటు చిరునామాగా ప్రతిసారీ మార్చుకోవలసి వచ్చింది. పాయింటరు ఏ రకపు వస్తువును చూపుతోందో భాషకు తెలియవలసిన అవసరం అక్కడ కలిగింది. డెనిస్ రిచీ సి భాషకు రకాలను చేర్చడానికి గల కారణాల్లో ఇదొకటని ఆయనే 1993 నాటి చరిత్రవ్యాసంలో వివరించారు.

రకాలు వచ్చాక హద్దు బాధ్యతను కంపైలరు మోసింది. ఒక బైటు అక్షరం, దాని వెంట నాలుగు బైట్ల సంఖ్య గల స్ట్రక్చరును ప్రకటిస్తే చాలా యంత్రాలపై దాని పరిమాణం అయిదు కాదు, ఎనిమిది. మధ్యలో మూడు ఖాళీ బైట్లను కంపైలరే పెడుతుంది. భాష చెప్పినట్లు నడిచినంత మేర హద్దు తప్పదు. తప్పేది ఎప్పుడంటే, బైట్ల వరుస మీద వేలు పెట్టి ‘ఇది సంఖ్య’ అని ప్రోగ్రామరు తానే రకాన్ని మార్చినప్పుడు. ఫర్మ్‌వేర్ రచనలో ఆ సందర్భం రోజూ వస్తుంది. తీగ మీద వచ్చే ప్యాకెట్టుకు మన యంత్రపు హద్దులతో పని లేదు. ఈథర్‌నెట్ శీర్షిక 14 బైట్లు. ప్యాకెట్టును హద్దు చిరునామాలో దింపితే దాని వెంటనే వచ్చే ఐపీ శీర్షిక నాలుగుతో భాగించబడని చోట మొదలవుతుంది. అందులోని నాలుగు బైట్ల చిరునామాలన్నీ హద్దు తప్పుతాయి. లినక్స్‌లోని నెట్‌వర్క్ డ్రైవర్లు ఇందుకే చాలా యంత్రాలపై ముందుగా రెండు ఖాళీ బైట్లు విడిచి ప్యాకెట్టును దింపుతాయి. 14కు 2 కలిపితే 16.

4. ప్రమాణకర్తల మౌనం:

1978లో కెర్నిగన్, రిచీల పుస్తకం వచ్చేనాటికి సి భాష పీడీపీ-11ను దాటి ఇతర యంత్రాలకు వెళ్లింది. 1983లో అమెరికా ప్రమాణసంస్థ ఏర్పాటుచేసిన ఎక్స్3జె11 సంఘం ముందు పైన చెప్పిన యంత్రాల్లో అధికభాగం ఉన్నాయి. ఒకటి ఆగుతుంది, ఒకటి సహిస్తుంది, ఒకటి నెమ్మదిస్తుంది. వీటన్నిటికీ ఒకే శాసనం రాయాలి. హద్దు తప్పినా సరైన విలువ ఇవ్వాలని శాసిస్తే కఠినయంత్రాలపై ప్రతి చదువూ బైటు బైటుగా సాగి భాష మందగిస్తుంది. తప్పక ఆగాలని శాసిస్తే సహించే యంత్రాలు లేని ఆగుడును పనిగట్టుకొని సృష్టించాలి. సంఘం రెండూ చేయలేదు. 1989 డిసెంబరులో ఆమోదం పొంది, 1990లో అంతర్జాతీయ ప్రమాణమైన ఆ గ్రంథం ఇలాంటి వాటిపై ఏ నియమమూ విధించలేదు.

ఆ గ్రంథం చెప్పకపోవడంలోనూ అంతరాలు పాటించింది. యంత్రాన్నిబట్టి కంపైలరు కర్త నిర్ణయించి, తన నిర్ణయాన్ని రాతపూర్వకంగా చెప్పవలసినవి కొన్ని. చెప్పిన కొన్ని మార్గాల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు, ఏది ఎంచుకున్నదీ చెప్పనక్కరలేనివి మరికొన్ని. అసలు ఏ బాధ్యతా లేనివి మూడోరకం. వీటిని వరుసగా ‘అమలుదారు నిర్ణీతం’, ‘అనిర్దిష్టం’, ‘అనిర్వచితం’ అనవచ్చునని నా ప్రతిపాదన. ‘అనిశ్చితం’ అన్న మాట మూడింటికీ అతుకుతుంది, అందుకే ఏ ఒక్కదానికీ పనికిరాదు. ‘అనిర్వచనీయం’ అనకూడదు. అది చెప్పడానికి వీలుకానిదన్న వేదాంతార్థంలో స్థిరపడింది. ఇక్కడున్నది చెప్పగలిగి ఉండి చెప్పకపోవడం.

మరొక సూక్ష్మం ఉంది. హద్దు తప్పిన చిరునామా నుంచి చదివినప్పుడు మాత్రమే తప్పని చాలామంది అనుకుంటారు. 1999 ప్రమాణం ప్రకారం, ఒక రకపు పాయింటరును మరో రకపు పాయింటరుగా మార్చినప్పుడు ఫలితం కొత్త రకపు హద్దుకు సరిపడకపోతే, ఆ మార్పే అనిర్వచితం. చదవకముందే తప్పు జరిగిపోతుంది. ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు ప్రమాణం ఇచ్చే జవాబు ఇది: తప్పు నెలరోజులూ ఉంది.

5. బహుళం – అనిర్వచితం:

బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఉత్వసంధిని నిత్యంగానూ, ఏమ్యాదుల ఇత్వసంధిని వైకల్పికంగానూ, అత్వసంధిని బహుళంగానూ విధించాడు. నిత్యం అంటే నిర్వచితమే. వైకల్పికం అంటే చెప్పిన రెండు రూపాల్లో ఏదైనా సాధువే కనుక ప్రమాణంలోని అనిర్దిష్టానికి దగ్గర. బహుళానికి సంప్రదాయం నాలుగర్థాలు చెప్తుంది: కార్యం నిత్యంగా జరగడం, జరగకపోవడం, వికల్పంగా జరగడం, ఇవేవీ కాక అన్యవిధంగా జరగడం. ఈ నాలుగో అర్థాన్ని చూసినప్పుడు అనిర్వచితం గుర్తుకు రాక మానదు. పాత ఆర్మ్ యంత్రం బైట్లను తిప్పి ఇవ్వడం అన్యవిధమే కదా.

అయితే పోలిక ఇంతవరకే. బహుళం అన్నప్పుడు సూరి పాఠకుణ్ణి పూర్వకవుల ప్రయోగాల వైపు పంపుతున్నాడు. సూత్రం ఆగినచోట ప్రయోగం ప్రమాణమవుతుంది. సి ప్రమాణంలో అనిర్వచితం అన్నచోట అలా ఆశ్రయించడానికి ఏమీ లేదు. వేల ప్రోగ్రాములు ఏళ్ల తరబడి ఒక రీతిలో రాసి ఉన్నా ఆ రీతి సాధువు కాదు. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములు ముఖ్యమని ఎక్స్3జె11 సంఘం తన వివరణ గ్రంథంలో చెప్పుకున్న మాట నిజమే. ఆచరణలో ఆ ప్రయోగశరణత ప్రమాణపాఠంలోకి పూర్తిగా దిగలేదు. తర్వాతి వివాదానికి బీజం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ప్రోగ్రామర్లు ఆ మౌనాన్ని బహుళంగా చదివారు. కంపైలరు కర్తలు దాన్ని నిషేధంగా చదివారు.

పాఠంలో జరిగిన ఒక మార్పు ఈ చదువులకు తోడైంది. 1989 పాఠం అనిర్వచిత ప్రవర్తన ఏ మేర ఉండవచ్చో చెబుతూ మూడు రీతులు పేర్కొంది: పట్టించుకోకుండా విడిచిపెట్టి ఊహించరాని ఫలితం ఇవ్వడం, ఆ పరిసరానికి సహజమై రాతలో ఉన్న రీతిలో నడవడం, సందేశమిచ్చి ఆగిపోవడం. ఆ వాక్యం మొదట ‘అనుమతింపదగిన’ అన్న అర్థమిచ్చే విశేషణం ఉంది. 1999 పాఠంలో ఆ విశేషణం ‘సంభవించగల’ అన్న అర్థమిచ్చేదిగా మారింది. పైగా ఆ వాక్యం నిర్వచనం నుంచి జరిగి, విధాయకబలం లేని సూచికలోకి చేరింది. మన పరిభాషలో చెప్పాలంటే సూత్రంలోనిది వృత్తిలోకి దిగింది. ఈ మార్పే కంపైలర్లకు స్వేచ్ఛ ఇచ్చిందని కొందరు వాదిస్తారు. ఏ నియమమూ విధించలేదన్న ప్రధానవాక్యం రెండు పాఠాల్లోనూ ఉంది కనుక మారింది ఏమీ లేదని మరికొందరు వాదిస్తారు. రెండో వాదమే పాఠానికి దగ్గరగా ఉందనుకుంటాను. కానీ పాఠకులు గ్రంథాన్ని ఎలా అందుకున్నారన్నది వేరే ప్రశ్న. అక్కడ మొదటివారి ఫిర్యాదులో న్యాయం ఉంది.

6. మౌనానికి కొత్త చదువరి:

1989లో ఆ మౌనాన్ని నింపవలసినది యంత్రం. తర్వాతి రెండు దశాబ్దాల్లో కంపైలరు ఆ స్థానానికి వచ్చింది. దాని తర్కం సరళమైనది. అనిర్వచితమైనది సరైన ప్రోగ్రాములో జరగదు, ఈ ప్రోగ్రాము సరైనదే, కనుక అది జరగదని నమ్మి మిగిలినదాన్ని వేగవంతం చేయవచ్చు. 2009లో లినక్స్ కెర్నల్‌లోని టన్ డ్రైవరు విషయంలో ఈ తర్కం బాహాటమైంది. అక్కడ ఒక పాయింటరును ముందు వాడి, తర్వాత అది శూన్యమా అని పరీక్షించారు. వాడారు కనుక శూన్యం కాదని జీసీసీ నిర్ధారించి ఆ పరీక్షనే తొలగించింది. ఫలితంగా భద్రతాలోపం ఏర్పడింది. ఇకపై అలాంటి పరీక్షలను తొలగించవద్దని కెర్నల్ నిర్మాతలు కంపైలరుకు ఆదేశం జోడించారు.

హద్దు విషయంలోనూ ఇదే జరిగింది. ఎక్స్86 యంత్రం హద్దు తప్పినా సహిస్తుందన్నది తరాల నమ్మకం. 1999లో పెంటియం 3తో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ ఆదేశాల్లో 16 బైట్లను ఒకేసారి అందుకునేవి ఉన్నాయి. వాటిలో ఒక జాతి 16 బైట్ల హద్దు తప్పితే ప్రోగ్రామును ఆపేస్తుంది. చెక్‌సమ్ లెక్కించే చిన్న లూపును కంపైలరు ఈ ఆదేశాల్లోకి మార్చేటప్పుడు, పాయింటరు కనీసం తన రకపు హద్దులోనైనా ఉందని నమ్మి, మొదటి కొన్ని సంఖ్యలను విడిగా లెక్కించి 16 హద్దుకు చేరుకుంటుంది. నాలుగేసి అడుగులు వేస్తూ 16 హద్దు చేరాలంటే నాలుగు హద్దులో మొదలై ఉండాలి. బేసి చిరునామాలో మొదలైన అడుగులు ఎన్ని వేసినా అక్కడికి చేరవు. యంత్రం సహించేదే, భాష సహించలేదు.

కార్టెక్స్-ఎం3 మీద నెలరోజులు నడిచిన ప్రోగ్రాము కూడా అదృష్టం మీదే నడిచింది. ఆ యంత్రం విడి చదువులకు మాత్రమే హద్దు తప్పడాన్ని సహిస్తుంది. రెండు లేక అంతకుమించిన పదాలను ఒక్క ఆదేశంతో తెచ్చేటప్పుడు సహించదు. పక్కపక్కనున్న రెండు చదువులను కంపైలరు ఏదో ఒక నాడు అలా కలిపితే అదే బోర్డు మీద అదే ప్రోగ్రాము ఆగేది. ఎం0 ఏ హద్దు తప్పినా హార్డ్‌ఫాల్ట్‌కు పోతుంది. ఆ విధంగా చూస్తే ఎం0 కఠినమైన గురువు.

7. ఆచరణలోని మార్గాలు:

పరిష్కారాలు పాతవే, కొత్తవి కావు. మొదటిది బైట్లను బైట్లుగానే చదివి, జరిపి, కలపడం. యంత్రపు బైట్ల క్రమం ఏదైనా ఇది ఒకే జవాబు ఇస్తుంది. ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. సి భాషలో చిన్న రకాలు గణనకు ముందు సాధారణ పూర్ణాంకంగా పెరుగుతాయి. 32 బిట్ల యంత్రంలో 128 లేక అంతకు మించిన బైటును 24 స్థానాలు ఎడమకు జరిపితే గుర్తుస్థానంలోకి పొంగి అనిర్వచితమవుతుంది. పూర్ణాంకం 16 బిట్లే అయిన ఏవీఆర్ వంటి వాటిలో 24 స్థానాలు జరపడమే అనిర్వచితం. జరపకముందే బైటును గుర్తులేని 32 బిట్ల రకంగా మార్చుకోవాలి. ఒక అనిర్వచితాన్ని తప్పించబోయి మరొకదానిలో పడిన ప్రోగ్రాములు తక్కువేమీ కాదు.

రెండోది మెమ్‌కాపీ. బైట్లను ఒక సంఖ్యాచరంలోకి నకలు చేయడం. నాలుగు బైట్లకు ఫంక్షను పిలవడం వృథా అని కొత్తవారు జంకుతారు. పరిమాణం స్థిరంగా తెలిస్తే నేటి కంపైలర్లు, యంత్రం సహించే చోట, దాన్ని ఒక్క ఆదేశంగా కుదిస్తాయి. సహించని చోట బైట్లుగా విడదీస్తాయి. రెండు పత్రాల అతుకును తెలిసినవాడికి అప్పగించడమే ఇది. అయితే మూలాన్ని బైటు పాయింటరుగానే ఇవ్వాలి. ముందే దాన్ని సంఖ్యా పాయింటరుగా మార్చి ఇస్తే, హద్దులో ఉందని నమ్మే హక్కు కంపైలరుకు తిరిగి దొరుకుతుంది. మెమ్‌కాపీ యంత్రపు సహజక్రమాన్నే ఉంచుతుంది కనుక తీగ మీది క్రమం వేరైతే తర్వాత తిరగేయాలి.

మూడోది, స్ట్రక్చరును ఖాళీలు లేకుండా బిగించమని కంపైలరుకు చెప్పడం. ఇది ప్రమాణంలో లేని విస్తరణ. సభ్యాన్ని పేరుతో చదివినంత కాలం కంపైలరు జాగ్రత్తపడుతుంది. ఆ సభ్యపు చిరునామాను తీసి సాధారణ పాయింటరులో దాచుకుంటే ఆ జాగ్రత్త అక్కడితో పోతుంది. 2019లో జీసీసీ 9 ఇలాంటి చోట్ల హెచ్చరించడం మొదలుపెట్టింది. పాయింటరు రకాలను ఒకదానినుంచి మరొకదానికి మార్చడాన్ని మోటారు వాహన రంగంనుంచి వచ్చిన మిస్రా సి మార్గదర్శకాల 2012 సంచిక 11.3 నియమంతో నిషేధించింది. నడుస్తున్న ప్రోగ్రాములో హద్దు తప్పడాన్ని పట్టి చూపే శానిటైజర్లు జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ ఉన్నాయి. చిన్న బోర్డు మీద వాటిని నడపడం కష్టం. అందుకని ప్యాకెట్టును విప్పే భాగాన్ని విడిగా, మామూలు కంప్యూటరు మీద, ఆ తనిఖీతో పరీక్షించడం మేలు.

సహోద్యోగి విద్యార్థి మొదటి మార్గాన్ని ఎంచుకున్నాడు. మార్చవలసి వచ్చింది నాలుగు పంక్తులు. ప్రయోగశాల పుస్తకంలో ‘అనిశ్చిత’ను కొట్టివేసి ‘అనిర్వచిత’ అని రాశారు. దాని కింద ఎం3 బోర్డు మీద వచ్చిన సరైన జవాబునూ, ఎం0 బోర్డు మీద ఆగిన స్థితినీ పక్కపక్కనే, ఒకే తప్పుకు రెండు ఉదాహరణలుగా ఇచ్చారు.